ఒక్క పలుకు కాదు, కుప్ప: పర్లాకిమిడి జీడిపప్పు యూనిట్‌లో గ్రేడింగు యంత్రంపై కేస్ స్టడీ

పర్లాకిమిడి దగ్గరలోని ఒక చిన్న జీడిపప్పు యూనిట్ కోసం మా విశ్వవిద్యాలయ రోబోటిక్స్ ప్రయోగశాల గ్రేడింగు యంత్రాన్ని రూపొందించిన తీరును ఇక్కడ నమోదు చేస్తున్నాను. ప్రాజెక్టు ఇంజనీరుగా నా పని ప్రయోగశాలకూ యూనిట్‌కూ మధ్య తిరగడం. విద్యార్థులు గీసిన డిజైను అక్కడి షెడ్డులో నిలబడుతుందో లేదో చూడటం, అక్కడివాళ్లు నోటితో చెప్పినదాన్ని కొలతల్లోకి దించడం. కృత్రిమ మేధ మీద జరిగే విశ్వవిద్యాలయ పరిశోధన చాలావరకు ఖచ్చితత్వ శాతాల రూపంలోనే బయటికి వస్తుంది. ఈ ప్రాజెక్టులో శాతాల కంటే ముందు తేలవలసిన విషయం ఇంకొకటి ఉంది: గ్రేడింగు అనే పనిని ఏ రకం సమస్యగా పెట్టుకోవాలి? దానిని వర్గీకరణగా, అంటే ఒక్కో పలుకు ఏ తరగతిదో తేల్చడంగా పెట్టుకుంటే ఒక యంత్రం వస్తుంది; నియంత్రణగా, అంటే కుప్ప లెక్కను హద్దులో నిలపడంగా పెట్టుకుంటే పూర్తిగా వేరే యంత్రం వస్తుంది. మాకు రెండోదే పనికి వచ్చింది. ఎందుకన్నదే ఈ వ్యాసం.

యూనిట్, సరుకు

1992లో గంజాం నుంచి విడదీసి ఏర్పాటు చేసిన గజపతి జిల్లాకు పర్లాకిమిడి కేంద్రం. మహేంద్రతనయ దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వస్తుంది. జీడిపప్పు వ్యాపారానికి పెద్ద దిక్కయిన పలాస, కాశీబుగ్గ కూడా దూరమేమీ కాదు. కొండ ఊళ్ల నుంచి సంతకు దిగే జీడిపిక్కల్లో కొంత భాగం పలాసకు పోతుంది, కొంత ఇక్కడి చిన్న యూనిట్లలోనే పప్పు అవుతుంది. మేము పనిచేసిన యూనిట్‌లో గ్రేడింగు బల్ల దగ్గర కూర్చునేవాళ్లందరూ ఆడవాళ్లే. వాళ్ల మధ్య మాట తెలుగులో నడుస్తుంది, కొందరు ఇంట్లో సవర మాట్లాడతారు, బడికి వెళ్లినవాళ్లు చదివింది ఒడియాలో. తెర మీద ఏ లిపి పెట్టినా ఎవరో ఒకరికి అందదు కాబట్టి, యంత్రం మీద అక్షరాలు లేకుండా అంకెలు, డబ్బాల రంగులు మాత్రమే ఉంచాలని మొదటి వారంలోనే నిర్ణయించాం.

పని వరుస అన్ని చోట్లా ఉండేదే. పిక్కలను ఎండబెట్టి, ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, చేయీ కాలూ కలిపి ఆడించే కట్టర్ మీద పగలగొట్టి, పలుకు తీసి, బోర్మా అనే ఆరబెట్టే పొయ్యిలో ఎండబెట్టి, పొట్టు వలుస్తారు. ఆ తరువాత గ్రేడింగు. పగలని పలుకు గుండు. నిలువునా రెండుగా విడిపోయినది బద్ద. ఇంకా చిన్నవి ముక్కలు, నూక. గుండ్లలో మళ్లీ సైజు నంబర్లు ఉంటాయి. ఎగుమతి వ్యాపారంలో వాటిని డబ్ల్యూ 180, 210, 240, 320, 450 అని పిలుస్తారు. ఆ నంబరు ఒక పౌండుకు, అంటే 453.6 గ్రాములకు ఎన్ని పలుకులు తూగుతాయో చెబుతుంది. 320 నంబరు సరుకులో పౌండుకు 300 నుంచి 320 వరకు పలుకులు ఉండాలి. 240 నంబరులో 220 నుంచి 240 వరకు. రంగు మాడితే మరో తరగతి, పురుగు తింటే మరో డబ్బా.

ఈ నిర్వచనంలోనే ఒక చిక్కు దాగి ఉంది. 240 దగ్గర ఒక నంబరు ముగుస్తుంది, 300 దగ్గర తరువాతి నంబరు మొదలవుతుంది. పౌండుకు 240 అంటే పలుకు సగటు బరువు 1.89 గ్రాములు, 300 అంటే 1.51 గ్రాములు. మరి 1.68 గ్రాములు తూగే పలుకు ఏ నంబరు? అలాంటి పలుకులే పోగుచేస్తే పౌండుకు 270 వస్తాయి, ఆ నంబరు జాబితాలో లేదు. కానీ అలాంటి పలుకులు ప్రతి బస్తాలో పుష్కలంగా ఉంటాయి. గ్రేడింగు బల్లకు పెద్దదిక్కుగా ఉన్న మేస్త్రమ్మ ముందు మా విద్యార్థి అలాంటి పలుకును అరచేతిలో పెట్టి చూపించి నంబరు అడిగినప్పుడు ఆమె ఇచ్చిన జవాబును అలాగే రాసుకున్నాను: "కుప్ప సూసి సెప్తాను గానీ, ఒక్క పలుకు సూపించి ఎన్నో నంబరంటే ఏటి సెప్తాను బాబూ? ఇది నలభైలో ఏసినా సెల్లుతాది, ఇరవైలో ఏసినా సెల్లుతాది. ఏ కుప్ప తేలిపోతందో ఆ పక్కకి ఏస్తాను."

నలభై అంటే 240, ఇరవై అంటే 320. ఈ జవాబులో ఒక నియంత్రణ వ్యవస్థ మొత్తం ఉంది. దాన్ని యంత్రంగా మార్చడానికి చాలాకాలం పట్టింది.

రోబో చేయి ఎందుకు పెట్టలేదు

విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ అనగానే విద్యార్థి మనసులో మెదిలేది చేయి. ప్రాజెక్టు తొలి ప్రతిపాదనలో కూడా కెమెరా, దాని కింద బెల్టు, పలుకును ఎత్తి సరైన డబ్బాలో వేసే చేయి ఉన్నాయి. ఈ ఆలోచనకు మంచి వంశమే ఉంది: స్విట్జర్లాండ్‌లో రేమండ్ క్లావెల్ 1980ల తొలినాళ్లలో రూపొందించిన డెల్టా రోబో పుట్టిందే చాక్లెట్ల వంటి తేలికపాటి వస్తువులను వేగంగా ఎత్తి పెట్టెలో పేర్చే అవసరం నుంచి. కాబట్టి ఊహ తప్పేమీ కాదు. లెక్కే వేరుగా ఉంది.

320 నంబరు పలుకు బరువు సుమారు 1.42 గ్రాములు, అంటే కిలోకు దాదాపు 705 పలుకులు. సెకనుకు ఒక పలుకు ఎత్తే చేయి గంటలో 3,600 పలుకులు, అంటే 5 కిలోల సరుకు మాత్రమే తేలుస్తుంది. సెకనుకు రెండు ఎత్తితే 10 కిలోలు. గంటకు కనీసం 20 కిలోలు తేలకపోతే యంత్రానికి అయ్యే కరెంటు కూడా దండగేనని యూనిట్ యజమాని ముందే చెప్పారు. పైగా పలుకు వంపు తిరిగి ఉంటుంది, దాని మీద పొట్టు ధూళి ఉంటుంది. గాలి పీల్చి పట్టుకునే కప్పు దాని మీద సరిగ్గా అతుక్కోదు, గట్టిగా నొక్కితే గుండు కాస్తా బద్ద అవుతుంది. గుండును బద్ద చేసే గ్రేడింగు యంత్రం కంటే యంత్రం లేకపోవడమే మేలు.

మనిషి చేతిని గమనిస్తే ఇంకో సంగతి తెలిసింది. గ్రేడింగు చేసే ఆమె ప్రతి పలుకునూ ఎత్తదు. గుప్పెడు సరుకును బల్ల మీదికి జార్చి, వేళ్లతో పలచగా పరిచి, ఆ కుప్పకు సరిపడనివాటిని మాత్రమే పక్కకు తోస్తుంది. అంటే ఆమె చేసే పని ఎంచి ఎత్తడం కాదు, ఏరి తోసెయ్యడం. ఏరి తోసెయ్యడానికి గాలి ఊదే వాల్వు చాలు. బెల్టు వెంట వరుసగా నాజిళ్లు, ఒక్కో నాజిలుకు ఎదురుగా ఒక్కో డబ్బా. సెకనుకు నాలుగు పలుకులు ఒక వరుసలో పోతే గంటకు 20 కిలోలు దాటుతుంది. బెల్టు వేగం సెకనుకు 200 మిల్లీమీటర్లు, పలుకుకూ పలుకుకూ మధ్య 50 మిల్లీమీటర్ల ఎడం, అంతే సరిపోయింది. రోబో చేయి లేకపోతే దాన్ని రోబోటిక్స్ ప్రాజెక్టు అనవచ్చా అని సమీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. పసిగట్టి, నిర్ణయించి, కదిలించే వ్యవస్థ ఏదైనా రోబోయే, దానికి మోచేయి ఉండి తీరాలన్న నియమం లేదు. ఈ వాదనతో అందరూ ఏకీభవించలేదు, అయినా డిజైను మారలేదు.

బోర్లా పడ్డ బద్ద

కెమెరాకు కష్టమైన పని సైజు కాదు, బద్ద. జీడిపప్పు పలుకులో రెండు దళాలు ఉంటాయి. అవి విడిపోయినప్పుడు ఒక్కో బద్దకూ గుండుకు ఉన్న వంపు ఆకారమే ఉంటుంది, మందం మాత్రం సగమవుతుంది. చదునైన లోపలి ముఖం కిందికి, గుండ్రని వీపు పైకి ఉండేలా బెల్టు మీద బోర్లా పడితే, పైనుంచి చూసే కెమెరాకు అది అచ్చం గుండులాగే కనిపిస్తుంది. ఆ బొమ్మలో తేడా చెప్పే సమాచారమే లేదు. లేని సమాచారాన్ని, ఉదాహరణల నుంచి నేర్చుకునే ఎంత లోతైన న్యూరల్ నెట్‌వర్కూ పుట్టించలేదు. బొమ్మలను గుర్తుపట్టే పోటీల్లో 2012 తరువాత లోతైన నెట్‌వర్కులు సాధించిన విజయాలను చూసి పెరిగిన విద్యార్థులకు ఈ ఒక్క విషయం ఒప్పించడానికి చాలా సమయం పట్టింది. మరిన్ని ఫొటోలు తీస్తే సరిపోతుందని వాళ్ల నమ్మకం.

బల్ల దగ్గర ఆడవాళ్లు దీన్ని కంటితో చూడరు. చేటలో పలచగా పరిచి అరచేతితో ఒకసారి నిమురుతారు. గుండు దొర్లుతుంది, బద్ద జారి అక్కడే చతికిలబడుతుంది. వాళ్ల చేతికి తెలిసే ఆ మందాన్ని యంత్రానికి చూపించడానికి లేజరు గీతను వాడాం. బెల్టుకు అడ్డంగా, నిలువుకు 45 డిగ్రీల వాలుతో సన్నటి లేజరు గీత పడుతుంది. కెమెరా పైనుంచి నిటారుగా చూస్తుంది. ఖాళీ బెల్టు మీద గీత తిన్నగా ఉంటుంది, పలుకు కిందికి రాగానే పక్కకు జరుగుతుంది. 45 డిగ్రీల దగ్గర ఆ జరుగుడు పలుకు ఎత్తుకు సమానం, కాబట్టి విడిగా మార్పిడి లెక్క కూడా అక్కర్లేదు. కెమెరా మొత్తం దృశ్యాన్ని కాక గీత పడే సన్నని పట్టీని మాత్రమే చదివితే సెకనుకు 200 ఫ్రేములు తేలిగ్గా వస్తాయి, అంటే పలుకు పొడవునా మిల్లీమీటరుకు ఒక కోత. పలుకు మొత్తం మీద ఎత్తుల పటం తయారవుతుంది. బద్ద ఎత్తు గుండులో సగం దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఈ రెంటినీ విడదీయడానికి నెట్‌వర్కు అవసరం పడలేదు, ఎత్తు మీద ఒక హద్దు పెడితే చాలింది.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది ఉంది. జీడిపలుకు నూనె ఉన్న వస్తువు, లేతగా ఉంటుంది. లేజరు వెలుగు ఉపరితలం మీద ఆగిపోకుండా కాస్త లోపలికి ఇంకుతుంది, గీత లావుగా మసకబారుతుంది. గీత అంచును కాక వెలుగు బరువు కేంద్రాన్ని లెక్కలోకి తీసుకుంటే ఎత్తు నిలకడగా వచ్చింది.

నెట్‌వర్కుకు మిగిలిన పని రంగు, మచ్చ, పురుగు రంధ్రం. దానికి చిన్న బోర్డు మీద నడిచే తేలికపాటి మొబైల్‌నెట్ అనే చిన్న నెట్‌వర్కు తరహా నమూనా చాలు. బెల్టు నుంచి పలుకును విడదీసి చూపడానికి 1979లో నొబుయుకి ఓట్సు ఇచ్చిన త్రెషోల్డింగు పద్ధతినే, అంటే వెలుగులో ఒక హద్దు ఎంచి వస్తువును నేపథ్యం నుంచి వేరుచేసే పద్ధతినే వాడాం. బెల్టు నీలం రంగులో ఉండటం, ఆహార పదార్థాల్లో నీలం దాదాపు లేకపోవడం వల్ల ఆ పాత పద్ధతి ఎక్కడా తడబడలేదు. కొత్త పద్ధతి వాడలేదని పరిశోధన పత్రం సమీక్షకులు ఎత్తిచూపవచ్చు. షెడ్డులో బాగుచేయవలసినవాడికి మాత్రం మూడు వరుసల్లో అర్థమయ్యే పద్ధతే మేలు.

లేబుళ్ల సంగతి

పర్యవేక్షిత అభ్యాసానికి, అంటే జవాబు తెలిసిన ఉదాహరణలతో యంత్రానికి నేర్పడానికి, లేబుళ్లు కావాలి. ట్రేలలో గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో పలుకు పెట్టి, ఇద్దరు గ్రేడర్ల చేత విడివిడిగా చెప్పించుకున్నాం. ఇద్దరి మాటలు ఎంతవరకు కలుస్తున్నాయో కొలవడానికి ఉత్త శాతం మోసం చేస్తుంది. ఉదాహరణకు నూరు పలుకుల్లో ఇద్దరూ 70 చొప్పున తెలుపనీ 30 చొప్పున మాడినవనీ చెబుతారనుకుందాం. ఇద్దరూ కళ్లు మూసుకుని చెప్పినా 58 పలుకుల దగ్గర మాట కలుస్తుంది. అసలు 80 దగ్గర కలిసిందంటే, కాకతాళీయాన్ని తీసేశాక మిగిలే ఏకీభావం 42లో 22, అంటే 0.52 మాత్రమే. 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా కొలత చేసేది ఇదే. 80 శాతం ఏకీభావం అని వింటే ధైర్యం వస్తుంది, 0.52 అని వింటే రాదు.

పురుగు, నల్ల మచ్చ, ముక్కల విషయంలో గ్రేడర్ల మాట బాగా కలిసింది. లేత గోధుమ రంగు పలుకు తెలుపా, మాడినదా అన్న దగ్గర ఉదయం వెలుగులో ఒకటి, ట్యూబులైటు కింద ఇంకొకటి చెప్పారు. సైజు నంబరు విషయంలో అయితే ఒకే గ్రేడరు అదే ట్రేకు మరుసటి రోజు వేరే నంబర్లు చెప్పింది. దీన్ని లేబుళ్లలో రొదగా, అంటే అర్థంలేని తేడాగా తీసుకుని, ఎక్కువ మంది చేత చెప్పించి సగటు వేయడం మామూలు పద్ధతి. కానీ మేస్త్రమ్మ మాట విన్నాక అది రొద కాదని స్పష్టమైంది. మొన్న ఆ గ్రేడరు ముందున్న కుప్ప బరువుగా ఉంది, నిన్న తేలిగ్గా ఉంది. రెండు రోజులూ ఆమె సరిగ్గానే చెప్పింది. పలుకుకు స్వయంగా లేని గుణాన్ని దాని మీద లేబులుగా అతికిస్తే, నమూనా నేర్చుకునేది ఆ రోజు కుప్ప ఎలా ఉందన్నదే.

అందువల్ల సైజు లేబుళ్లను పక్కన పెట్టాం. వాటి బదులు పలుకులను మిల్లీగ్రాముల త్రాసు మీద తూచి, బరువునే అంచనా వేయవలసిన సంఖ్యగా తీసుకున్నాం. శిక్షణకూ పరీక్షకూ బొమ్మలను విడదీసేటప్పుడు కూడా ట్రేల వారీగా కాక లాట్ల వారీగా విడదీశాం. ఒకే లాటులోని పలుకులు ఒకే బోర్మాలో, ఒకే వేడిలో ఎండినవి. వాటిలో కొన్ని శిక్షణలో, కొన్ని పరీక్షలో పడితే నమూనా ఆ బోర్మా రంగును బట్టీపట్టి పరీక్షలో మార్కులు తెచ్చుకుంటుంది. పైగా ఈ వ్యాపారంలో ఆఫ్రికా నుంచి దిగుమతయ్యే పిక్కలు కూడా వస్తుంటాయి. వాటి పలుకు ఆకారం కొండ పిక్క పలుకులా ఉండదు. కాబట్టి ఎన్నడూ చూడని లాటు మీద ఎలా పనిచేస్తుందన్నదే అసలు పరీక్ష, ఆ పరీక్షలో వచ్చే అంకె ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. ప్రయోగశాల బయటికి చెప్పవలసింది ఆ తక్కువ అంకెనే.

కుప్ప లెక్క

ఇక అసలు విషయం. పలుకు వైశాల్యం, ఎత్తుల పటం కలిపితే ఘనపరిమాణం వస్తుంది. దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తే బరువు అంచనా వస్తుంది. ఒక్కో పలుకు మీద ఈ అంచనా 15 శాతం అటూఇటూ అయినా ప్రమాదం లేదు. పొరపాట్లు యాదృచ్ఛికమైనవైతే 320 పలుకుల సగటులో అవి 320 వర్గమూలంతో, అంటే సుమారు 18తో భాగించబడతాయి. మిగిలేది ఒక శాతం కంటే తక్కువ. కానీ గుణకమే తప్పయితే ఆ తప్పు ఎన్ని పలుకులు కలిపినా కరగదు. గుణకం 3 శాతం పక్కకు పోతే, యంత్రం 320 అనుకునే కుప్ప నిజానికి 330 అవుతుంది, ఆ సరుకు వెనక్కి వస్తుంది. లాటు మారినప్పుడల్లా గుణకం మారుతుంది కాబట్టి, కెమెరా ఎప్పుడూ త్రాసుకు లోబడి ఉండాలి.

అందుకని ప్రతి డబ్బా కింద ఒక లోడ్ సెల్, అంటే బరువు కొలిచే సెన్సరు పెట్టాం. డబ్బాలో ఎన్ని పలుకులు పడ్డాయో కెమెరాకు తెలుసు, ఎంత బరువు ఉందో త్రాసుకు తెలుసు. సంఖ్యను 453.6తో హెచ్చించి గ్రాములతో భాగిస్తే పౌండుకు ఎన్ని పలుకులో నేరుగా వస్తుంది, ఇందులో అంచనా అంటూ ఏదీ లేదు. ఈ అంకెను చూస్తూ యంత్రం రెండు డబ్బాల మధ్య ఉన్న సరిహద్దు బరువును కొద్దికొద్దిగా జరుపుతుంది. 320 డబ్బాలో లెక్క 300 వైపు దిగితే పెద్ద పలుకులు తక్కువ ధరకు పోతున్నట్టు లెక్క. అప్పుడు సరిహద్దు కిందికి దిగి, మధ్యస్థపు పలుకులు 240 డబ్బాకు మళ్లుతాయి, అక్కడ 240 దాటనంత వరకే. లెక్క 320 వైపు ఎక్కితే కింది సరిహద్దు పైకి జరిగి, చిన్న పలుకులు 450 వైపు పోతాయి. లక్ష్యాన్ని 320 మీదే పెట్టకుండా 310 దాటిన చోట పెట్టాం, త్రాసు పొరపాటుకూ కొనుగోలుదారు పరీక్షకు కొంత సరుకు తీసుకునే తీరుకూ కాస్త చోటు ఉండాలి కదా.

మేస్త్రమ్మ తేలిపోతున్న కుప్ప పక్కకు వేస్తానన్నది ఇదే, సమీకరణాల్లో రాస్తే అనుపాత–సమాకలన నియంత్రణ: ఇప్పటి తేడానూ ఇప్పటిదాకా పోగైన తేడానూ చూసి సరిదిద్దడం. ఇందులో వేగం పనికిరాదు. సరిహద్దును గబగబా జరిపితే డబ్బా ఒకసారి పెద్ద పలుకులతో, మరోసారి చిన్న పలుకులతో నిండుతుంది. సగటు సరిగ్గానే వస్తుంది, డబ్బా మూత తీస్తే మాత్రం ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. కొనేవాడు అంకెతో పాటు సమానత్వాన్నీ చూస్తాడు. అందుచేత సరిహద్దు ఎంత దూరం జరగవచ్చో రెండు వైపులా హద్దు పెట్టాం, కనీసం ఒక పౌండు సరుకు పడే వరకు మళ్లీ జరపకుండా ఆపాం.

లెక్కలో బాగా ఇబ్బంది పెట్టింది అంటుకున్న జంటలు. ఫీడరు నుంచి రెండు పలుకులు ఒకదాన్నొకటి ఆనుకుని దిగితే కెమెరా వాటిని ఒకటిగా లెక్కపెడుతుంది. సంఖ్య తగ్గుతుంది, బరువు తగ్గదు; పలుకులు పెద్దవని యంత్రం నమ్మి, సరిహద్దును తప్పు దిక్కుకు జరుపుతుంది. నమూనా ఖచ్చితత్వ పట్టికలో ఈ పొరపాటు ఒక్క గడిలో చిన్న అంకెగా కనిపిస్తుంది, నియంత్రణ వలయంలో మాత్రం కుప్ప మొత్తాన్ని పక్కదారి పట్టిస్తుంది. మామూలు కంటే బాగా ఎక్కువ వైశాల్యం ఉన్న ఆకారం కనిపిస్తే దాన్ని ఏ డబ్బాలోనూ వేయకుండా బెల్టు చివరిదాకా పోనిచ్చి, మళ్లీ ఫీడరులో పోసేలా మార్చాం. కొంత సరుకు రెండుసార్లు తిరుగుతుంది, కానీ లెక్క చెడదు.

షెడ్డులో

ప్రయోగశాలలో కుదిరినవి షెడ్డులో చెదిరిన చోట్లు కొన్ని ఉన్నాయి. కెమెరా నుంచి చివరి నాజిలుకు 300 మిల్లీమీటర్ల దూరం. బెల్టు ఆ దూరాన్ని సెకనున్నరలో దాటుతుంది కాబట్టి సెకనున్నర తరువాత గాలి ఊదాలని మొదట ప్రోగ్రాము రాసి ఉంది. సింగిల్ ఫేజు కరెంటు మీద కంప్రెసరు మొదలైనప్పుడల్లా ఓల్టేజీ కుంగి మోటారు నెమ్మదిస్తుంది. వేగం 5 శాతం తగ్గినా పలుకు 15 మిల్లీమీటర్లు వెనకబడుతుంది, గాలి దాని ముందు ఖాళీ బెల్టును ఊదుతుంది. బెల్టు రోలరుకు, అది ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడరు తగిలించి, కాలానికి బదులు దూరాన్ని లెక్కపెట్టడంతో ఆ బెడద పోయింది.

దీపాల విషయం కూడా ఇలాంటిదే. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే చవక దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, మిల్లీసెకను పాటు తెరుచుకునే కెమెరాకు మాత్రం ఒక ఫ్రేములో తెల్లగా, మరో ఫ్రేములో మాడినట్టు కనిపిస్తుంది. డీసీ మీద వెలిగే దీపాలు పెట్టి, బెల్టు అంచున ఒక బూడిదరంగు పలకను ఎప్పుడూ దృశ్యంలో ఉండేలా బిగించాం. ప్రతి ఫ్రేము రంగును ఆ పలకతో సరిచూస్తారు.

వానాకాలంలో కంప్రెసరు ట్యాంకులో నీళ్లు చేరతాయి. నాజిలు ఊదినప్పుడు గాలితో పాటు తుంపర పలుకు మీద పడుతుంది. పప్పులో తేమ 5 శాతం దాటకూడదన్నది వ్యాపార నియమం. బోర్మాలో గంటల తరబడి ఆరబెట్టిన సరుకును చివరి అడుగులో మనమే తడపడం కంటే అన్యాయం లేదు. తేమను పట్టే ఫిల్టరు, నూనె లేని కంప్రెసరు తప్పనిసరి అని కొనుగోలు పత్రంలో రాయించాం. ఆ ఖర్చు కెమెరా ఖర్చు కంటే తక్కువేమీ కాదు, ఏ పరిశోధన పత్రంలోనూ దాని ప్రస్తావన కనబడదు.

గ్రేడింగు చేసే ఆడవాళ్లు తమ కూలి సంగతి మొదటి రోజే అడిగారు. మా సమావేశాల్లో ఆ ప్రశ్న ఆలస్యంగా వచ్చేది; వాళ్లే అడగడం మంచిదైంది. యంత్రం వేసిన డబ్బాలను వాళ్లే ఆఖరుసారి చూసి ప్యాక్ చేయాలనీ, యంత్రం తేల్చిన కిలోలను కూడా వాళ్ల లెక్కలోనే రాయాలనీ యజమానితో ఒప్పందం కుదిరింది. సాంకేతికంగా కూడా ఇది అవసరమే. తప్పులన్నీ ఒకే విలువైనవి కావు: మధ్యస్థపు పలుకు పక్క డబ్బాలో పడితే పోయేది ఆ రెండు నంబర్ల ధర తేడా, పురుగు పలుకు గుండ్ల డబ్బాలో పడితే పోయేది డబ్బా మొత్తం. నమూనాను శిక్షణ ఇచ్చేటప్పుడు పురుగు విషయంలో అనుమానం ఉన్నా పక్కకు తోసెయ్యమని భారం పెంచాం. అలా తోసిన మంచి పలుకులను వెనక్కి ఏరుకునేది వాళ్లే.

ప్రస్తుత స్థితి ఇది. మొత్తం యంత్రంలో యూనిట్ వాళ్లు రోజూ వాడుతున్నది అన్నిటికంటే చవకైన భాగం: కెమెరా కింద లెక్కపెట్టి, లోడ్ సెల్ మీద తూచి, పౌండుకు ఎన్ని పలుకులో చూపించే డబ్బా. టిన్నుకు 25 పౌండ్ల సరుకు నింపే ముందు చేతితో గ్రేడు చేసిన కుప్పను కూడా దాని మీదికి పోసి చూసుకుంటున్నారు. 318 కనిపిస్తే నాలుగు పెద్ద పలుకులు కలుపుతారు, 302 కనిపిస్తే కొన్ని తీసి 240 వైపు వేస్తారు. ఇంతకుముందు దీనికోసం పౌండు తూచి, కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టేవారు. లేజరుతో బద్దలను ఏరే వరుస గుండ్ల సరుకు ఎక్కువగా ఉన్న రోజుల్లో నడుస్తుంది. రంగు నమూనాను మాత్రం ఇంకా వాళ్లు నమ్మడం లేదు, దిగుమతి పిక్కల లాట్ల మీద అది తెలుపును మాడినదిగా చెబుతున్నంత కాలం నమ్మవలసిన అవసరమూ లేదు. ఆ లాట్ల పలుకులను త్రాసు మీద పెట్టి, పగటి వెలుగులో ఒకసారి, దీపం కింద ఒకసారి ఇద్దరు గ్రేడర్ల చేత చెప్పించే పనిని ఇప్పటి ఎంటెక్ విద్యార్థులు మొదలుపెట్టారు.